ప్రశ్న అడుగుట యెట్లు? - లెక్కల చిక్కులు, ఇంటి కరెంటు చిక్కులు

అడుగనిదే అమ్మయైనను అన్నము పెట్టదని మన పెద్దలు చెప్పుదురు. అన్నము విషయమున ఈ మాటను పిల్లలెవ్వరును మరువరు. చదువు విషయమున మాత్రము తరచుగా మరచుచున్నారు. లెక్క తెగనప్పుడు పుస్తకము మూసి ఊరకుందురు. ఇంటిలో దీపము వింతగా వెలిగినప్పుడు చూచియు చూడనట్లుందురు. అడిగినచో తోడివారు నవ్వుదురేమో యను సంకోచ మొకటి. ఎవరి నడుగవలెనో తెలియకపోవుట యొకటి. ఏ భాషలో అడుగవలెనో తోచకపోవుట మరియొకటి. ఈ మూడింటిలో చివరిది మన హోసూరు ప్రాంతపు పిల్లలకు ప్రత్యేకముగా కలుగు ఇబ్బంది. ఇంటిలో తెలుగు, కార్యాలయములో తమిళము, సరిహద్దు దాటిన కన్నడము, కొనితెచ్చిన పరికరముల మీద ఇంగ్లీషు వ్రాత. ఇన్నింటి నడుమ నిలిచిన పిల్లవాడు నోరు విప్పుటకు వెనుదీయుట వింత కాదు.

లెక్కల అయ్యవారును, సైన్సు అయ్యవారును ఉండగా తెలుగు అయ్యవారి కీ ప్రసంగ మేలయని కొంద రనుకొనవచ్చును. దానికి మా సమాధాన మిది. పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణ పొంది ఇచ్చటికి వచ్చినది మొదలు మేము గమనించుచున్న విషయ మొకటి కలదు. పిల్లలు తెగలేదని తెచ్చు లెక్కలలో పెక్కింటి ముడి అంకెలలో నుండదు, వాక్యములో నుండును. వాక్యమును సరిగా చదివి, సరిగా తిరిగి చెప్పగలిగిన పిల్లవానికి సగము లెక్క అప్పుడే తెగిపోవును. ఇంటి కరెంటు విషయమును అట్టిదే. కాని అచ్చట ఒక భేదము కలదు. లెక్క తప్పినచో కాగితము చించివేసి మరల చేయవచ్చును. కరెంటుతో అట్టి వీలు లేదు. అందుచే ఈ రెండు విధములైన చిక్కులను ఒకచోట చేర్చి, వానిని గూర్చి ఇతరుల సహాయము నడుగుట యెట్లో కొంత వివరింపదలచితిమి.

ముడి ఎక్కడ నున్నది?

మొదట అందరెరిగిన పాత చిక్కు నొకదానిని తీసికొందము. ముగ్గురు మిత్రులు తలకు 10 రూపాయలు వేసికొని, 30 రూపాయలిచ్చి అంగడిలో ఒక బంతి కొనిరి. వారు వెళ్లిన పిదప అంగడివానికి బంతి వెల 25 రూపాయలే యని జ్ఞాపకము వచ్చెను. అతడు 5 రూపాయలు పనికుర్రవాని చేతికిచ్చి, వారికి తిరిగి ఇమ్మని పంపెను. ఆ కుర్రవాడు 2 రూపాయలు తన జేబులో వేసికొని, ముగ్గురికిని తలకొక రూపాయి ఇచ్చెను. ఇప్పుడు ఒక్కొక్కరు ఇచ్చినది 9 రూపాయలు. మూడు తొమ్ములు 27. కుర్రవాని వద్ద నున్నవి 2. రెండును కలిపిన 29. మొదట ఇచ్చినవి 30 గదా! మిగిలిన రూపాయి యేమైనది?

ఈ ప్రశ్న విన్న పిల్లలు రూపాయిని వెదకుట కారంభింతురు. రూపాయి ఎచ్చటికిని పోలేదు. తప్పు ప్రశ్నలోనే యున్నది. మిత్రులు ఇచ్చిన 27 రూపాయలలోనే కుర్రవాడు దాచిన 2 రూపాయలును చేరియున్నవి. 27లో 25 అంగడివాని పెట్టెలోను, 2 కుర్రవాని జేబులోను ఉన్నవి. కావున 27 నుండి 2 తీసివేయవలెనే గాని, 27కు 2 కలుపరాదు. మిత్రులకు తిరిగివచ్చిన 3 రూపాయలను 27కు కలిపినచో 30 సరిపోవును. "రూపాయి యేమైనది?" అని అడుగుట మాని, "ఇచ్చిన సొమ్మెంత? అది ఇప్పుడు ఎవరెవరి వద్ద నున్నది?" అని అడిగినంతనే చిక్కు విడిపోవుచున్నది. వచ్చినదానిని, పోయినదానిని వేరువేరుగా వ్రాయుట యను ఈ పద్ధతిని గుర్తుంచుకొనుడు. దీనితో మరల పని పడును.

ఇంకొకటి. హోసూరునుండి బెంగుళూరు సుమారు 40 కిలోమీటర్లు. ఒక బండి పోవునప్పుడు గంటకు 40 కిలోమీటర్ల వేగముతోను, వాహనముల రద్దీచే వచ్చునప్పుడు గంటకు 20 కిలోమీటర్ల వేగముతోను నడిచినది. మొత్తము ప్రయాణమున సగటు వేగమెంత? తరగతిలో పదిమంది నడిగిన, ఎక్కువమంది 30 అని చెప్పుదురు. 40ని, 20ని కలిపి సగము చేసితి మందురు. సగటు వేగమనగా నేమి? మొత్తము దూరమును మొత్తము కాలముచే భాగింపగా వచ్చునది. పోవుటకు ఒక గంట, వచ్చుటకు రెండు గంటలు. వెరసి 3 గంటలు. దూరము 80 కిలోమీటర్లు. 80ని 3చే భాగింపగా 26 2/3 కిలోమీటర్లు. తక్కువ వేగముతో నడిచిన కాలము ఎక్కువ గనుక సగటు 30కంటె తగ్గినది. ఇచ్చటను పిల్లలకు కూడిక రాక కాదు, భాగహారము రాక కాదు. "సగటు వేగము" అను మాటకు అర్థమేమని తమను తా మడుగుకొనలేదు. అంతియే.

మెట్లమీది దీపము

మేడ యిండ్లలో మెట్లదారికి ఒకే దీపము, రెండు స్విచ్చులు ఉండును. క్రింద నొకటి, పైన నొకటి. క్రింద వెలిగించి పైకిపోయి ఆర్పవచ్చును. పైన వెలిగించి క్రిందికి వచ్చి ఆర్పవచ్చును. ఒక స్విచ్చి "ఆన్‌"లో నున్నప్పుడు రెండవది దీపము నెట్లు ఆర్పగలుగుచున్నది? ఇది ఇంటింట కనబడు వింత ప్రశ్న.

ఈ స్విచ్చులు సామాన్యమైనవి కావు. వీనిని టూవే స్విచ్చు లందురు. సామాన్యమైన స్విచ్చి దారిని కలుపును లేక తెంచును. టూవే స్విచ్చి దారిని తెంచదు. రెండు దారులలో ఒకదానినుండి మరియొకదానికి మార్చును. రెండు స్విచ్చుల నడుమ రెండు తీగలు పరచియుండును. రెండు స్విచ్చులును ఒకే తీగను పట్టుకొనియున్నప్పుడు దారి పూర్తియై దీపము వెలుగును. ఒకటి ఒక తీగను, రెండవది వేరొక తీగను పట్టుకొన్నప్పుడు దారి తెగి దీపము ఆరును. ఏ చివర ఏ స్విచ్చిని మార్చినను ఈ స్థితి మారక తప్పదు.

ఇందులో లెక్క కలదు. దీపము ఆరియున్నదనుకొనుడు. క్రింద పైన కలిపి ఎన్ని మారులు నొక్కిరో ఆ సంఖ్య బేసియైనచో దీపము వెలుగుచుండును; సరియైనచో ఆరియుండును. ఎవరు ఎచ్చట నొక్కిరను విచారమే అవసరము లేదు. రాత్రి ఇంటిలోని వారందరు కలిసి 17 మారులు నొక్కిరని తెలిసిన, మెట్లవద్దకు పోకయే దీపము వెలుగుచున్నదని చెప్పవచ్చును. సరి బేసులను రెండవ తరగతిలో నేర్చితి మని చిన్నచూపు చూచువారు ఈ దీపమును ఒకమారు తలచుకొనవలెను.

ఒక్క యూనిటు వెల

ఇక తల్లిదండ్రులకును పనికివచ్చు లెక్క. కరెంటు యూనిటు అనగా 1000 వాట్ల పరికరము ఒక గంట పనిచేయుటకు పట్టు విద్యుత్తు. 75 వాట్ల ఫ్యాను దినమునకు 10 గంటల చొప్పున 60 దినములు తిరిగిన 45 యూనిట్లగును. 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు దినమునకు 5 గంటల చొప్పున 60 దినములు వెలిగిన 2.7 యూనిట్లు మాత్రమే. అదే కాలమునకు పాతకాలపు 60 వాట్ల తీగబల్బు 18 యూనిట్లు తీసికొనును. నీళ్లు కాచు 2000 వాట్ల గీజరు దినమునకు అరగంట పనిచేసినను 60 దినములకు 60 యూనిట్లగును. 60 దినములని మేము వ్రాయుటకు కారణమున్నది: తమిళనాడులో ఇండ్ల మీటరు రెండు నెలల కొకమారు చూతురు.

ఇప్పుడు చిక్కు. ఇరుగు పొరుగు ఇండ్లు రెండు. ఒకరు 500 యూనిట్లు వాడిరి. రెండవవారు 501 వాడిరి. ఒక్క యూనిటే భేదము. బిల్లులలో భేదము 233 రూపాయలు! రెండవ యింటి గృహిణి మీటరు చెడినదని తలచినది. మీటరు చెడలేదు. 2022 సెప్టెంబరు 10వ తేదీనుండి అమలులోనికి వచ్చిన ధరలతో లెక్క వేసి చూతము.

ఆ ధరల ప్రకారము 500 యూనిట్లకు మించని యింటికి మొదటి 100 ఉచితము. తరువాతి 100కు యూనిటు 2.25 చొప్పున 225 రూపాయలు. తరువాతి 200కు 4.50 చొప్పున 900. చివరి 100కు 6 చొప్పున 600. వెరసి 1725 రూపాయలు. 500 దాటిన యింటికి వేరొక పట్టిక. మొదటి 100 ఉచితమే. తరువాతి 300కు 4.50 చొప్పున 1350. తరువాతి 100కు 6 చొప్పున 600. 501వ యూనిటుకు 8. వెరసి 1958 రూపాయలు. భేదము 233. ఇందులో 501వ యూనిటు వెల 8 రూపాయలే. మిగిలిన 225 రూపాయలు ఎచ్చటినుండి వచ్చినవి? 500 దాటినంతనే 2.25 ధరగల మెట్టు తొలగిపోయి, ఆ 100 యూనిట్లకును 4.50 పడినది. చివరి యూనిటు తన వెలతో ఊరకుండక, వెనుకటి వాని వెలనుగూడ పెంచినది.

ఆ తరువాత ధరలు మారినవి, మారుచునే యుండును. కావున మీ చేతనున్న బిల్లులోని ధరలను వేసికొనియే లెక్క చూడుడు. పద్ధతి మాత్రము మారదు. ఈ ప్రశ్నను "బిల్లు ఎందుకింత వచ్చినది?" అని అడిగినచో ఎవ్వరును సమాధానము చెప్పలేరు. "గతమారు మీటరు అంకె ఇంత, ఈమారు ఇంత, వాడినది ఇంత, ఏ మెట్టుకు ఏ ధర వేసిరి?" అని అడిగినచో సమాధానము తప్పక వచ్చును. ఏడవ తరగతి పిల్లవాడు ఈ లెక్క చేయగలడు. చేసి ఇంటివారికి చెప్పగలిగిన, మీటరు చూచువారు వచ్చు దినమునకు పదిదినములు ముందుగానే జాగ్రత్తపడి ఆ ఇల్లు ఆ 233 రూపాయలు మిగుల్చుకొనును. చదువు ఇంటికి అక్కరకు వచ్చుట యన్న నిదియే.

ఆర్పినను వెలుగు దీపము

ఇక నన్నింటికంటె ముఖ్యమైన ప్రశ్న. స్విచ్చి ఆర్పిన తరువాతగూడ ఎల్.ఇ.డి. బల్బు చీకటిలో మసకగా వెలుగుచుండుట కొన్ని యిండ్లలో కనబడును. కొందరు భయపడుదురు, కొందరు బల్బు మంచిది కాదని మార్చివేయుదురు, పెక్కుమంది పట్టించుకొనరు. దీనికి కారణములు మూడు ఉండవచ్చును.

మొదటిది: స్విచ్చిలో చిన్న సూచకదీప ముండుట. ఆ చిన్నదీపము వెలుగుటకై సన్నని ప్రవాహము బల్బు గుండ పోవుచుండును. పాత తీగబల్బు అంత స్వల్ప ప్రవాహమునకు వెలుగదు; ఎల్.ఇ.డి. బల్బు వెలుగగలదు. రెండవది: గోడలో తీగలు ప్రక్కప్రక్కనే దూరము పోవుటచే, కరెంటున్న తీగ ప్రభావమున ప్రక్క తీగలో స్వల్ప ప్రవాహము కలుగుట. ఈ రెండింటిలో అపాయ మంతగా లేదు.

మూడవ కారణ మట్టిది కాదు. ఇంటికి వచ్చు రెండు ముఖ్యమైన తీగలలో ఒకటి ఫేజు, రెండవది న్యూట్రలు. ఫేజు తీగలో భూమితో పోల్చిన సుమారు 230 వోల్టులుండును. స్విచ్చి ఎల్లప్పుడును ఫేజు తీగలోనే యుండవలెను. తీగలు బిగించినవారు పొరపాటున న్యూట్రలు తీగలో స్విచ్చి పెట్టినచో, స్విచ్చి ఆర్పినప్పుడు దీపము ఆరును గాని, హోల్డరువరకు ఫేజు వచ్చియే యుండును. "స్విచ్చి ఆర్పితిని గదా" యని ధైర్యముగా బల్బు మార్చుటకు స్టూలెక్కినవాడు హోల్డరులోని లోహమును తాకినచో ప్రాణాపాయము. ఆ మసక వెలుగు కొన్ని యిండ్లలో ఈ ప్రమాదమును ముందుగా తెలుపు సూచన. ఆ వెలుగును చూచి ఒక పిల్లవాడు "ఇది ఎందుకు?" అని అడిగినచో, ఆ ప్రశ్న ఒక ప్రాణమును కాపాడవచ్చును. అడుగుటకు సిగ్గుపడి ఊరకున్న, ఏమి జరుగవచ్చునో చెప్పనక్కరలేదు.

మూడింటిలో మీ యింట నున్న కారణమేదో తేల్చుట పిల్లల పని కాదు. అనుమతి పత్రముగల ఎలక్ట్రీషియను పని. పిల్లల పని చూచుట, వ్రాసికొనుట, అడుగుట. ఈ హద్దును ఎన్నడును దాటరాదు.

"ఇంటిలో ఫ్యూజున్నది గదా, భయమేల?" అని కొంద రందురు. ఫ్యూజు, ఎం.సి.బి. యనునవి తీగలు కాలిపోకుండ కాపాడుటకే ఏర్పడినవి. 5 ఆంపియర్ల ఫ్యూజు కరగవలెనన్న 5 ఆంపియర్లకు మించిన ప్రవాహము పోవలెను. మనిషిని కాపాడుటకు పెట్టు ఆర్.సి.సి.బి. అను రక్షక స్విచ్చి 30 మిల్లీ ఆంపియర్లకే, అనగా 0.03 ఆంపియర్లకే దారి తెంచునట్లు చేయబడియుండును. 5ను 0.03చే భాగించి చూడుడు: సుమారు 167 రెట్లు భేదము. మనిషికి అపాయము కలిగించుటకు చాలిన ప్రవాహము ఫ్యూజు కంటికి కనబడనే కనబడదు.

ఈ ఆర్.సి.సి.బి. చేయు పని యేమి? తీసివేత! ఫేజు తీగలో పోయిన ప్రవాహ మెంత, న్యూట్రలు తీగలో తిరిగివచ్చిన ప్రవాహ మెంత యని అది అనుక్షణము సరిచూచుచుండును. రెండును సమానమైనచో ఊరకుండును. లోటు కనబడినచో, ఆ లోటు ఎవరి దేహము గుండనో, తడిగోడ గుండనో భూమిలోనికి పోవుచున్నదని గ్రహించి రెప్పపాటులో దారి తెంచును. బంతి కొన్న ముగ్గురి లెక్కలో మన మడిగిన ప్రశ్నయే ఇది: పోయిన దెంత, వచ్చిన దెంత, మిగిలినది ఎవరి వద్ద?

కలముతో చేయవలసిన లెక్క

పై తరగతుల పిల్లలు తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. 60 వాట్లది, 100 వాట్లది రెండు తీగబల్బులను వరుసగా ఒకదాని వెనుక నొకటి కలిపి 230 వోల్టులిచ్చినచో ఏది ఎక్కువగా వెలుగును? 100 వాట్లదే యని తోచును. వోల్టుల వర్గమును వాట్లచే భాగించిన నిరోధము వచ్చును. 60 వాట్ల బల్బునకు సుమారు 882 ఓములు. 100 వాట్ల బల్బునకు 529 ఓములు. వరుసగా కలిపినప్పుడు రెండింటిలోను ప్రవాహ మొక్కటే. కావున ఎక్కువ నిరోధము గలదానికి ఎక్కువ వోల్టులు దక్కును: 60 వాట్లదానికి సుమారు 144, 100 వాట్లదానికి 86. అందుచే 60 వాట్ల బల్బే ఎక్కువగా వెలుగును. వేడినిబట్టి తీగ నిరోధము కొంత మారును గాని, ఫలిత మిదియే.

ఇది కాగితముమీద చేయవలసిన లెక్క. ఇంటి ప్లగ్గులో తీగలు గ్రుచ్చి చూడవలసినది కాదు. చూడవలెనను కోరిక యున్నచో బడిలో సైన్సు అయ్యవారి సమక్షమున, బ్యాటరీతోను చిన్న బల్బులతోను చూడుడు.

సహాయ మడుగు పద్ధతి

ఇంతవరకు చెప్పినదానినుండి అడుగు పద్ధతి తేలుచున్నది. ఒక పిల్లవాడు, "మా యింటిలో లైటు బాగా లేదు, ఏమి చేయవలెను?" అని అడిగె ననుకొందము. దీనికి ఎంతటి పండితుడైనను ఏమి చెప్పగలడు? అదే పిల్లవాడు ఇట్లడిగిన: "వంటగదిలో 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు. స్విచ్చి ఆర్పిన పిదప చీకటిలో మసకగా వెలుగుచున్నది. స్విచ్చిలో ఎర్రని సూచకదీపము లేదు. పాత తీగబల్బున్నప్పు డిట్లు కనబడలేదు. మేము దేనిని ముట్టుకొనలేదు." ఇది విన్న ఎలక్ట్రీషియను ఇంటికి వచ్చునప్పటికే ఏమి చూడవలెనో ఎరిగియుండును.

కావున అడుగునప్పుడు ఈ నాలుగు విషయములు తప్పక చెప్పవలెను. ఒకటి, కంటితో చూచినది. మనము ఊహించినది కాదు. రెండు, అంకెలును వాని ప్రమాణములును: వాట్లా, వోల్టులా, యూనిట్లా, గంటలా, కిలోమీటర్లా. ప్రమాణము లేని అంకె పేరులేని ఉత్తరమువంటిది. మూడు, ఇంతవరకు మనము చేసినది, ఆగిపోయిన చోటు. "లెక్క రాలేదు" అనుటకంటె "మొత్తము దూరము వచ్చినది, కాలము దగ్గర ఆగితిని" అనుట మేలు. నాలుగు, మనకు కావలసిన దేమి? సమాధానమా, దారియా? దారి నడిగినవానికి మరునాడు వేరొక లెక్క తెగును. సమాధానము మాత్రమే అడిగినవాడు మరునాడు మరల రావలసియుండును.

ఏ భాషలో అడుగవలెను?

మొదట మీ భాషలోనే. ప్రశ్నను తెలుగులో స్పష్టముగా చెప్పుకొనగలిగినవాడు దానిని ఏ భాషలోనికైనను మోసికొనిపోగలడు. తనకే స్పష్టముకాని ప్రశ్న ఏ భాషలో నడిగినను అస్పష్టమే. మీటరు, ఫ్యూజు, స్విచ్చి, వాటు అను మాటలు తెలుగు, తమిళ, కన్నడములు మూడింటిలోను వాడుకలో నున్నవి. సగటును మనము "సరాసరి" యనియు నందుము. తమిళులును, కన్నడిగులును ఆ మాటనే వాడుదురు. మన వడ్డి తమిళమున వట్టి, కన్నడమున బడ్డి. కరెంటును తమిళమున మిన్సార మందురు. విద్యుత్తు ఫిర్యాదులకు 2021లో తమిళనాడులో ప్రారంభమైన కేంద్రమునకు "మిన్నగం" అని పేరు. ఇట్టి మాటలు ఇరువది నేర్చినచో తెలుగు పిల్లవాడు ఏ కార్యాలయములోనైనను తన ప్రశ్న నడుగగలడు.

లెక్కలకు సరిహద్దులు లేవనుటకు మన పూర్వులే సాక్షులు. రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలమున, 9వ శతాబ్దమున, మహావీరాచార్యుడు సంస్కృతమున గణితసారసంగ్రహమును రచించెను. ఆయన కన్నడదేశపు జైన పండితుడు. ఆ గ్రంథమును పావులూరి మల్లన తెలుగు పద్యములలో మనకందించెను. ఒక దేశమున పుట్టిన లెక్క ఇంకొక దేశపు భాషలో పద్యమై పిల్లల నోట నిలిచినది. తెలుగున చదివినంత మాత్రమున మన పిల్లలు లెక్కలలో వెనుకబడుదు రనుకొను తల్లిదండ్రులు ఈ సంగతిని తలపవలెను.

తల్లిదండ్రులకు మనవి

ప్రశ్న అడిగిన పిల్లవానితో "ఇంతమాత్రము తెలియదా?" అనకుడు. ఆ మాట విన్న పిల్లవాడు రెండవమారు అడుగడు. మీకు లెక్కలు రాకపోయినను కొరత లేదు. "నీ కేమి ఇచ్చిరి? ఏమి అడిగిరి? నాకు చెప్పుము" అని కూర్చుండబెట్టి వినుడు. చెప్పుచు చెప్పుచు నుండగనే పిల్లవానికి ముడి కనబడుట మేము పెక్కుమారులు చూచితిమి. వినువారుండుటయే పెద్ద సహాయము.

కరెంటు విషయమున మాత్రము ముందుగా నిషేధములు చెప్పుడు. తడిచేతితో స్విచ్చి ముట్టరాదు. ఇనుప తీగమీద బట్టలు ఆరవేయు నలవాటున్నచో, ఆ తీగ కరెంటు తీగకు గాని, మీటరు పెట్టెకు గాని తగులునట్లు కట్టరాదు. మూడు పుల్లల ప్లగ్గులో పై పుల్లను విరిచి వాడరాదు. ఆ పుల్ల పొడవుగా నుండుట అలంకారమునకు కాదు. ప్లగ్గు పెట్టునప్పుడు ఎర్తు అన్నింటికంటె ముందు తగులుటకును, తీయునప్పుడు అన్నింటికంటె చివర విడుటకును. ఎవరికైనను షాకు తగిలినచో వారిని చేతితో పట్టి లాగరాదు. మొదట మెయిను స్విచ్చి ఆపవలెను. ఇంటిలోని ప్రతివారికిని, చిన్నపిల్లలతో సహా, మెయిను స్విచ్చి ఎచ్చట నున్నదో తెలిసియుండవలెను. ఈ సాయంకాలమే చూపుడు.

పాఠకులకు రెండు ప్రశ్నలు

విద్యార్థులారా! మీకు రెండు లెక్కలిచ్చి ముగించుచున్నాము. ఒకటి: టెలివిజనువద్ద నుండు ఒక పెట్టె, ఎవరును చూడనప్పుడుగూడ ప్లగ్గులోనే యుండి 10 వాట్లు తీసికొనుచున్నది. రేయింబవళ్లు అట్లే యున్న 60 దినములకు ఎన్ని యూనిట్లగును? మీ యింటి బిల్లులోని ధరతో దాని ఖర్చెంత? రెండు: మెట్లదారిలో టూవే స్విచ్చులు రెండున్నవి. సాయంకాలము దీపము వెలుగుచున్నది. రాత్రి క్రింద 8 మారులు, పైన 5 మారులు నొక్కిరి. తెల్లవారునప్పటికి దీపము వెలుగుచున్నదా, ఆరియున్నదా? కారణము వ్రాయుడు.

సమాధానములతోపాటు మీ యింటిలో మీరు చూచిన వింత నొకదానిని, పైన చెప్పిన నాలుగు విషయములు చేర్చి, ఒక పుటకు మించకుండ వ్రాసి మా కిండు. తగిన ప్రశ్నలను లెక్కల అయ్యవారికిని, సైన్సు అయ్యవారికిని చూపి, వచ్చు సంచికలో సమాధానములతో ప్రకటింతుము. సమాధానము తెలిసినవారే వ్రాయవలెనను నియమము లేదు. చూచినదానిని చూచినట్లు వ్రాసిన చాలును.